కాటేసిన పద్యం

పోయినవారం కథలో మయిందన్‌ను ఏనుగుల కొట్టంలో గొలుసుకు కట్టేసి ఉండగా వదిలిపెట్టి వచ్చాం. కుడిచేతికి గంటం పట్టే వేళ్ళు రెండూ లేవు. దొర తమ్ముడు పూవరయన్ మనుషులు వాటిని ఎద్దుల బండి నొగ మీద పెట్టి, గొడ్డలితో కొట్టేసి, గాయం మీద కాగిన నూనె పోశారు. అయినా అతను ఏడ్చింది వేళ్ళ కోసం కాదు. తన దొర కోసం, తన స్నేహితుడి కోసం ఏడ్చాడు. సేందరయర్‌ను తన పద్యమే చంపేసిందని మయిందన్ మనసారా నమ్మాడు మరి.

జరిగింది ఇదీ. కరుంగుండ్రం కొండ కింద పల్లెలనేలే సేందరయర్‌కు ఒక వింత కోరిక పుట్టింది. పేరున్న పులవర్లు, అంటే కవులు, కట్టే కావ్యాలన్నీ తాతల నాటి తమిళంలో ఉంటాయి, విన్నవాడు తలూపి ఇంటికెళ్ళి అర్థం అడుగుతాడు, అలా కాకుండా "మా గొర్రెల కాపరికి కూడా తెలిసే తమిళంలో నా మీద ఓ కావ్యం కట్టరా మయిందా" అన్నాడు. మయిందన్ కట్టాడు. సంతలో ఆడవాళ్ళు బేరమాడే మాటలు పెట్టాడు, ఉత్తరాది నుంచి వచ్చి ఊళ్ళో కలిసిపోయిన మాటలు పెట్టాడు, దొర పేరును జొన్న దంచే పాట వరసలో ఇరికించాడు. సభ తీర్చి అరంగేట్రం పెట్టించారు. ఒక్క పద్యం మాత్రం మిగిలి ఉండగా దొర గుండె పట్టుకుని, నురగ కక్కి, గద్దె మీదే ప్రాణం విడిచాడు.

సభకు పెద్ద వెంకాడనారు లేచి "ఇది అరం" అన్నాడు. ఆ దేశంలో ఆ ఒక్క మాట చాలు. కవి కడుపు మండి అరం పాడితే, ఆ పద్యంలో ఎవరి పేరుంటే వాడు చస్తాడని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కడుపు మండకపోయినా సరే, పద్యం కట్టే కట్టుబాట్లు తప్పితే అది తనంతట తనే కాటు వేస్తుందట. మయిందన్‌కు దొర మీద కోపం ఏనాడూ లేదు. కానీ కట్టుబాట్లు తప్పాడన్నది నిజమే కదా, దాన్ని కాదని ఎలా అంటాడు?

పొద్దెక్కాక కొట్టం తలుపు తెరిచారు. గొలుసు విప్పి, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చారు. నడుస్తానన్నా వినలేదు. కోటగుమ్మం దగ్గర కొరత కొయ్య మీద చాత్తన్ ఉన్నాడు. అరంగేట్రంలో మయిందన్ పక్కన కూచుని డోలు వాయించినవాడు. పద్యానికి దరువు వేశాడు కాబట్టి వీడూ హంతకుడేనని పూవరయన్ తీర్పు చెప్పాడు. కాకులు అప్పటికే కళ్ళు తినేశాయి, కాళ్ళ వెంట కారిన నెత్తురు కొయ్య మొదట్లో ఎండి నల్లబడింది. పక్కనే కొత్తగా చెక్కిన ఇంకో కొయ్య పాతి ఉంది. అది ఎవరికోసమో ఒకరు చెప్పాలా? మయిందన్ చాత్తన్ పాదాలు తాకబోయాడు. బంటు ఒకడు ఈటె వెనకభాగంతో మోచేతి మీద కొట్టాడు.

"పద పద, ఏడుపులు లోపల ఏడుద్దువుగాని" అన్నాడు.

సభ నిండుగా ఉంది. కొండ మీది చిన్నచిన్న నాయకులు ఆయుధాలతో వచ్చారు. గద్దె ఖాళీగా ఉంది, దాని ముందు ఇనుప కుంపటిలో నిప్పులు రగులుతున్నాయి. కుంపటి పక్కన మయిందన్ తాటాకుల కట్ట పడేసి ఉంది. కుడివైపు సేందరయర్ తమ్ముడు పూవరయన్, పట్టు ఉత్తరీయం మోకాళ్ళ మీద సర్దుకుని కూచున్నాడు. ఎడమవైపు దొర భార్య ఉమైయాళ్. తాళి తీసేసిన మెడ, ఎత్తుగా కనిపిస్తున్న కడుపు, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు. ఆమె వెనకాల ఏరన్ నిలబడ్డాడు. ఏరన్ దొర అంగరక్షకులకు నాయకుడు. దొర పోయిన తర్వాత తానుండనని అమ్మవారి ముందు కత్తి మీద ప్రమాణం చేసినవాడు, తన తల తానే నరుక్కోవాలి. తలంటుకుని, ఎర్రపూల దండ వేసుకుని, చావడానికి సిద్ధమై తన మనుషులతో వచ్చాడు. గద్దె సంగతి తేలేదాకా ఆగు అన్నా అని ఉమైయాళ్ బతిమాలితే ఆగాడంతే.

వెంకాడనారు ముందు మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట నేనిక్కడ చెప్పి తీరాలి. జీవితమంతా పాత తమిళాన్ని పసిబిడ్డలా మోసిన మనిషి. కొత్తగా వచ్చిన మాట ఏది వినిపించినా చెవిలో చీమ దూరినట్టు విలవిల్లాడతాడు. పెద్దలు ఏ మాట ఎక్కడ పెట్టాలో, ఏది అమృతమో, ఏది విషమో తూచి చెప్పి పోయారని, వీడు వీధిలో ఏరుకొచ్చిన మాటలన్నీ కలిపి పోపు వేశాడని, దొర ఆ పోపుకే పోయాడని అన్నాడు. నాలుక కోసి, తాటాకులు తగలబెడితే ఇక ఎవడూ ఇలాంటి తమిళం ముట్టుకోడని తీర్పు చెప్పాడు. కొండ నాయకులు గొణుక్కుంటూ తలలూపారు.

మయిందన్ కూడా తలూపాడు. అదీ వింత. తప్పు చేసినవాడు శిక్ష కోసం ఎదురుచూసినట్టు చూశాడు. తాటాకులు కాలిపోతాయన్నప్పుడు మాత్రం తలూపడం ఆపి కట్టవంక చూశాడు. దొర అడిగి రాయించుకున్నది అది. పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్ళు అప్పుడే అందులో నాలుగు పాదాలు పాడుకుంటున్నారు.

అప్పుడు ఉమైయాళ్ నోరు విప్పింది.

"నాలుక కోసేస్తే మిగిలిన పద్యం ఎవరు పాడతారండీ అయ్యగారూ? మొదలుపెట్టిన పాట ఆ గద్దె మీదే ముగియాలని మా మామగారి కాలం నుంచీ మీరే చెబుతున్నారు. సగంలో ఆగిన పాట ఇంటి మీద వేలాడుతుందనీ మీరే అన్నారు. ఇక మీదట ఎవరు కూచున్నా తమ పేరు పెట్టించుకుని ఆ పాట మొదటి నుంచి చివరిదాకా వినాలి. కూచునేవాళ్ళెవరో ముందు కూచోమనండి, తర్వాత నాలుక సంగతి చూద్దాం."

వెంకాడనారు గడ్డం నిమురుకున్నాడు. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ ఇంటి కట్టుబాటు అదే.

సభ ఒక్కసారిగా చల్లబడింది. మనిషిని చంపిన పద్యాన్ని తన పేరు పెట్టించుకుని వినడానికి ఎవడు ముందుకొస్తాడు? నాయకులందరూ తమ కాళ్ళవంక చూసుకున్నారు. మయిందన్‌కు ఆమె ఎత్తు అర్థమైంది. ఎవరికీ ధైర్యం చాలదు, గద్దె ఖాళీగానే ఉంటుంది, ఆమె కడుపులో బిడ్డ భూమ్మీద పడేదాకా అలాగే ఉంటుంది. దొర కూడా అదే కోరుకున్నాడు. ఆఖరి పద్యంలో పుట్టబోయే బిడ్డకే గద్దె అని చెప్పమని మయిందన్‌తో గుట్టుగా అన్నాడు. అరంగేట్రంలో నలుగురూ విన్నది రాతి మీద చెక్కినట్టే లెక్క. భర్త పోయిన ఇంట్లో, ఆకలి చచ్చి, నిద్ర చచ్చి కూడా, ఈ పిల్ల ఇంత ఆలోచించింది కదా అని మయిందన్ మనసు తరుక్కుపోయింది.

పూవరయన్ నవ్వాడు.

"అంతేనా వదినా? దీనికింత రాద్ధాంతం ఎందుకు?"

లేచాడు. ఉత్తరీయం భుజాన వేసుకున్నాడు. తీరిగ్గా నడిచి వెళ్ళి అన్న చచ్చిన గద్దె మీద కాలు మీద కాలేసుకుని కూచున్నాడు. ఉమైయాళ్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"పాడరా" అన్నాడు మయిందన్‌తో. "సేందరయర్ అని ఉన్నచోటల్లా పూవరయర్ అను. కొలతకు సరిపోకపోతే సరిపెట్టు. నీకు కట్టుబాట్లు ఎలాగూ పట్టవుగా."

ఒకరిద్దరు నవ్వారు. మయిందన్ మోకాళ్ళ మీద పడ్డాడు. వద్దు దొరా, అది విషమని తెలిసీ నేను పాడలేను, ఒకరిని పొట్టన పెట్టుకున్నాను, ఇంకొకరిని పెట్టుకోలేను, నాలుకే కోసేయండి అని వేడుకున్నాడు. వేళ్ళు నరికించినవాడి ప్రాణం కోసం ఇలా ఏడుస్తున్నాడేమిటా అని మీకు వింతగా ఉండొచ్చు. మయిందన్ అలాంటివాడే మరి, ఏం చేస్తాం.

పూవరయన్ కనుసైగ చేశాడు. బంటు ఈటె కర్రతో ఆ తెగిన వేళ్ళ మొదళ్ళ మీద కొట్టాడు. పచ్చిగాయం పగిలింది. మయిందన్ కళ్ళు బైర్లు కమ్మి పక్కకు ఒరిగాడు. రెండో దెబ్బకు దవడ పగిలి నోట్లో పన్ను ఊడింది. ఉమ్మేస్తే నెత్తురుతోపాటు నేల మీద పడింది.

"గుమ్మం దగ్గర ఇంకో కొయ్య ఉంది చూశావా? పాడతావా, అక్కడ కూచుంటావా?"

మయిందన్ లేచి కూచున్నాడు. పగిలిన నోటితో ఎత్తుకున్నాడు.

మొదటి పాదం నోటి నుంచి రాగానే సభలో కలకలం రేగింది. నాయకులు రెండు చేతులతోనూ చెవులు మూసుకున్నారు. బంట్లు తలపాగాల కొసలు చింపి చెవుల్లో కుక్కుకున్నారు. స్తంభాల వెనకనున్న ఆడవాళ్ళు చెప్పులు కూడా వదిలేసి వాకిట్లోకి పరుగు తీశారు. పేరు వేరేవాడిది, పద్యం గురి వేరేవాడి మీద, అయినా ఎవరి భయం వాళ్ళది. ఏరన్, అతని మనుషులు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎలాగూ చావబోయేవాడికి చావంటే భయమేమిటి? వెంకాడనారు ముందు చెవులు గట్టిగా మూసుకున్నాడు. కొండవాలు మీద తెల్లవారడం, జొన్నకంకుల మీద మంచు, దొర వస్తున్నాడని మేకపిల్లను చంకనెత్తుకుని పరుగెత్తే ఆడపిల్ల, ఇవన్నీ ఒక్కొక్కటిగా పద్యంలోకి వస్తుంటే, ముసలాయన చేతులు మెల్లగా కిందికి జారాయి. భయం పోలేదు, అయినా వింటున్నాడు. పోతే పోతాను, ఇది వినే పోతాను అన్నట్టుంది ఆ ముఖం.

పాడుతూనే మయిందన్ గద్దెవంక చూశాడు. పూవరయన్ ఇప్పుడు గుండె పట్టుకుంటాడు, ఇప్పుడు నురగ కక్కుతాడు అని చూశాడు.

పూవరయన్ గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఏ నాయకుడు ఎక్కడ కూచున్నాడో ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటున్నాడు. ఉత్తరీయం మీద పడిన నలుసును తీసి ఊదాడు. తన పేరు పద్యంలో వచ్చినప్పుడు చిన్నగా తలూపాడు కూడా, బాగుందన్నట్టు.

ఈ పూవరయన్ ఎవరు? పిల్లి ఎదురైందని యుద్ధం నుంచి గుర్రం తిప్పుకొచ్చిన మనిషి. బల్లి పలికితే పెళ్ళి పీటల మీద నుంచి లేచిపోయిన మనిషి. మొల చుట్టూ తాయెత్తులు, ముంజేతికి తాయెత్తులు, తుమ్మాడని కుమ్మరివాణ్ణి చావగొట్టించిన మనిషి. అలాంటివాడు తన అన్నను చంపిన పద్యాన్ని, తన పేరు పెట్టించుకుని, గోళ్ళు చూసుకుంటూ వింటున్నాడు. భూమీ ఆకాశమూ ఒక్కసారి తలకిందులైనట్టయింది మయిందన్‌కు.

పాట ఆపేశాడు.

"ఆపావేం?" అన్నాడు పూవరయన్.

"మీకు భయం వెయ్యట్లేదా దొరా?"

"దేనికి?"

అంతే. ఆ ఒక్క మాట. చెవులు మూసుకున్నవాళ్ళు కూడా పాట ఆగిందని అప్పుడే చేతులు దించారు, అందరూ విన్నారు. మాట జారిందని పూవరయన్‌కు ఆ తర్వాత తెలిసింది. చటుక్కున తాయెత్తు మీదికి చెయ్యి పోయింది. ఆ చెయ్యి అక్కడికి పోవడం చూసి వెనకాల కొండ నాయకుడొకడు పగలబడి నవ్వాడు.

ఉమైయాళ్ లేచి నిలబడింది.

"మరిదీ" అంది. గొంతు పెంచలేదు. "ఆ పద్యం మీ అన్నను చంపలేదని నీకెలా తెలుసు?"

పూవరయన్ నడుములోని బాకు తీసి నవ్వినవాడి మీదికి విసిరాడు. అది అతని గొంతులో దిగింది. నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే వాడు పక్కవాడి ఒళ్ళో పడ్డాడు. "ఆ కవి నాలుక పీకండి" అని గద్దె మీద నుంచి పూవరయన్ అరిచాడు. ఇద్దరు బంట్లు మయిందన్‌ను వెల్లకిలా పడేశారు. ఒకడు ఛాతీ మీద కూచుని దవడలు విప్పాడు. రెండోవాడు కుంపటిలో కాలుతున్న పటకారు అందుకున్నాడు. ఎర్రటి మొన కళ్ళ ముందుకు వచ్చేసింది, దాని వేడికి కనురెప్పలు మాడాయి.

అంతలో పటకారు పట్టిన చెయ్యి మోచేతి దగ్గర ఊడి మయిందన్ మెడ పక్కన పడింది. ఏరన్ వచ్చాడు. రెండో వేటుకు ఛాతీ మీద కూచున్నవాడి మెడ సగం తెగింది. వేడి నెత్తురు మయిందన్ ముఖం మీద, తెరిచి ఉన్న నోట్లో పడింది. ఏరన్ ఒక్క అరుపు అరిచాడు. తలంటుకుని దండలు వేసుకుని, చావడానికని వచ్చిన దొర అంగరక్షకులు ఆ అరుపుకు లేచారు. ఎలాగూ చావడానికి వచ్చినవాళ్ళతో యుద్ధమంటే ఎలా ఉంటుందో పూవరయన్ బంట్లకు ఆనాడు తెలిసొచ్చింది. పేగులు జారిపోతున్నా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నరికాడొకడు. ఈటె పొడుచుకుని వెనక నుంచి వచ్చేసినా, ఆ ఈటె మీదుగానే ముందుకు జరిగి, పొడిచినవాడి ముక్కు కొరికేశాడొకడు. కొండ నాయకుల్లో కొందరు ఇటు, కొందరు అటు, చాలామంది గోడ పక్కకు.

కుంపటి బోర్లా పడింది. నిప్పులు తాటాకుల కట్ట మీదికి దొర్లాయి, ఆకులు భగ్గున అంటుకున్నాయి. వాటిని ముందు చూసింది వెంకాడనారు. ఇంతకుముందే వాటిని తగలబెట్టమన్న ఆ పెద్దాయన, కత్తుల మధ్యనుంచి పాకుతూ వెళ్ళి, ఒట్టి అరచేతులతో మంట ఆర్పాడు. చర్మం కమిలి ఊడుతున్నా వదల్లేదు. కట్టను పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడుకుండిపోయాడు. ఎవడో ఆయన వీపు తొక్కుకుంటూ పోయాడు.

మయిందన్‌కు ఇవేవీ సరిగ్గా కనిపించడం లేదు. నెత్తుటి మడుగులో కూచుని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. నేను చంపలేదు, నేను చంపలేదు అని పిచ్చివాడిలా అంటున్నాడు. ఏనుగుల కొట్టంలో రాత్రీ పగలూ గుండె మీద కూచున్న కొండ ఎవరో ఎత్తేసినట్టుంది. తన మాటల్లో విషం లేదు. సంతలో మాటలు, చెరువు గట్టు మాటలు, అమ్మ నోటి మాటలు, వాటిలో విషం లేదు. ఎంత తేలికైపోయాడో ఆ మనిషి!

గొడవ సద్దుమణిగింది. సభలో మూలుగులు తప్ప మాటలు లేవు. పూవరయన్ గద్దె మెట్ల మీద పడి ఉన్నాడు. ఏరన్ అతని మడమల వెనక నరాలు రెండూ కోసేశాడు, ఒక చెవి లేదు. ఏరన్ పొట్టలోనూ గాయముంది, ఎర్రపూల దండ నెత్తుటికి తడిసి నల్లబడింది. కత్తి మొన పూవరయన్ గొంతు గుంటలో ఆనించాడు.

"మా దొరను పడగొట్టిన చెయ్యి తెగాకే నా తల తెగాలి. అది అమ్మవారి ముందు నా మాట" అన్నాడు. "అమ్మా, కానివ్వనా?"

ఆగమంది ఉమైయాళ్. ఎలా చంపాడో చెప్పనీ అంది. ఆమె చీర అంచు నెత్తుట్లో తడిసి కాళ్ళకు చుట్టుకుంటోంది.

పూవరయన్ నవ్వాడు. నోట్లో నెత్తురు గుడగుడమంది.

"నేను చంపలేదు వదినా. మా అమ్మ మీద ఒట్టు. నన్ను భుజాన మోసిన అన్నను నేనెందుకు చంపుతాను? నేను చంపాలనుకున్నది వీణ్ణి." మెడ తిప్పి మయిందన్‌ను చూపించాడు. "ఆఖరి పద్యంలో నీ కడుపులో ఉన్నదాన్ని గద్దెక్కిస్తున్నాడని తెలిసింది. ఆ పద్యం వీడి నోట రాకూడదనుకున్నాను. పాడేటప్పుడు గొంతుకని పిప్పళ్ళ కషాయం పెట్టుకుంటాడుగా, అందులో గన్నేరు వేరు నూరి కలిపించాను. వీడు తాగి చచ్చి ఉంటే మా అన్న ఇవాళ ఇక్కడ కూచుని ఉండేవాడు. వీడు తాగలేదు. ఆ చెంబు ఎవరికిచ్చాడో అడుగు."

ఉమైయాళ్ మయిందన్ వైపు తిరిగింది. ఏరన్ తిరిగాడు. తాటాకులు పొట్ట కింద పెట్టుకున్న వెంకాడనారు తలెత్తాడు.

మయిందన్ నవ్వు ముఖం మీదే చచ్చిపోయింది.

అరంగేట్రం నాడు సాంబ్రాణి పొగకు దొరకు దగ్గు తెర వచ్చింది. ఆపుకోలేక కళ్ళనిండా నీళ్ళతో, ఆపకురా, పాడు పాడు అని చెయ్యూపాడు. మయిందన్‌కు జాలేసింది. పక్కనున్న కంచు చెంబు ముట్టుకోకుండా అలాగే తీసుకెళ్ళి దొర చేతిలో పెట్టాడు. వాళ్ళిద్దరూ కుర్రతనం నుంచీ ఒకే ముంతలో తాగినవాళ్ళు, చూసినవాళ్ళెవరికీ అదొక విషయంగా తోచలేదు. మయిందన్‌కూ తోచలేదు. ఇన్ని రోజులూ పద్యాన్ని పాదం పాదం విప్పి, ఏ మాటలో విషముందా అని వెతుక్కున్నాడు. చెంబు సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"నిజమే" అన్నాడు. "నేనే ఇచ్చానమ్మా. నా చేత్తో ఇచ్చాను."

ఏరన్ కత్తి పూవరయన్ గొంతు మీద నుంచి కొద్దిగా లేచింది. అతని ముఖంలో ఏముందో చెప్పడం కష్టం. ఏ చెయ్యి తెగాలో తెలియక నిలబడిపోయాడు.

ఉమైయాళ్ మెల్లగా నడిచి వచ్చింది. శవాలను తప్పించుకుంటూ, కడుపు మీద చెయ్యి పెట్టుకుని వచ్చి, మయిందన్ ఎదురుగా ఆగింది.

"తాగాక ఆయనేమన్నారు?"

"చేదుగా ఉందిరా మయిందా అన్నారు."

"నువ్వేమన్నావు?"

మయిందన్ తెగిన వేళ్ళ చేతివంక చూసుకున్నాడు.

"మందు చేదుగానే ఉంటుంది, చిన్నపిల్లాడిలా మారాం చెయ్యకుండా మొత్తం తాగండి అన్నాను. నా మాట విని మొత్తం తాగేశారమ్మా."

మెట్ల మీద పూవరయన్ కిసుక్కున నవ్వాడు. ఉమైయాళ్ అటు చూడలేదు. ఏరన్ వైపు చెయ్యి చాపి, కత్తి ఇటివ్వు అన్నా అంది. ఏరన్ ఒక్క క్షణం వెనకాడాడు, తర్వాత పిడి తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. బరువుకు ఆమె ముంజేయి వంగింది. రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.

మయిందన్ కళ్ళలోకి చూస్తూ "తల వంచు" అంది.